నాలుగో యాసంగి

పరకాల రిపేరు షెడ్డుకు
ట్రాక్టర్ ట్రాలీల ఎక్కి వచ్చింది
అరవై మూడు కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్.
వెంట పదకొండు మంది రైతులు,
కాలిన డబ్బా కన్నా వేడి మీదున్నరు.
"కరెంటోళ్లు నాసిరకం ఇచ్చిన్రు" అన్నడొకాయన.
"పిడుగు వడ్డది" అన్నడింకొకాయన.
ఆ వారంల మబ్బన్నదే లేదు.

నేనేం మాట్లాడలేదు. మూత బోల్టులు విప్పిన.

మొదలు వాసన వస్తది,
మాడిన గానుగ నూనె లెక్క. కాదు,
పొయ్యి మీద మరిచిన పాత మసిబట్ట లెక్క.
కొత్తల ఈ నూనె లేత తేనె రంగు,
అడుగున రూపాయి బిళ్ళ ఏస్తె బొమ్మ కనవడ్తది.
ఇప్పుడు డికాషన్.
డబ్బా ఊపిరి పీల్చే సీసాల నీలం గింజలు
ఎప్పుడో గులాబీకి తిరిగినయి.
ఎవరూ చూడలేదు,
తల ఎత్తి చూసే పని కాదు వాళ్ళది,
వంగి చేసేది.

జనం రాగి అనుకుంటరు, ఇనుము అనుకుంటరు.
డబ్బాను నిలవెట్టేది కాగితం.
గోధుమ రంగు కాగితం,
పెండ్లి పత్రిక కన్నా పల్చన.
తీగకు తీగకు నడుమ
తోడికోడండ్ల నడుమ తడక లెక్క
మాట తగలకుంట అడ్డం నిలుస్తది.
కొత్తదాన్ని ఎన్నిసార్లు మడిచినా తెగది.
ఇండ్ల నుంచి గుంజిన ముక్క
ఒక్క మడతకే అప్పడం.

కాయిల్స్ చుట్టే పోసవ్వ
దాన్ని రెండేళ్ళ నడుమ నలిపి
పొడి ఊదేసి అన్నది:
"ఇది కాలలే యాకయ్యన్నా, ముసలిదైంది."

అవును. కాలుడు ఒక్క పగటి పని.
ముసలైడు నాలుగు యాసంగులది.
ఉండాల్సిన వేడి మీద
ఆరేడు డిగ్రీలు ఎక్కితే ఆయుస్సు సగం,
ఇంకో ఆరేడెక్కితే ఆ సగంల సగం.
మిత్తి లెక్క తిరగేసి రాసినట్టు.
రాత్రి డబ్బా సల్లవడ్తది,
తెల్లారి తడిమితే ఏం గానట్టే ఉంటది.
కాగితం మాత్రం మరువది.
తెగిన పోగు మళ్ళ అతుకది.
పైగా మగ్గిన కాగితం చెమ్మ కంటది,
ఆ చెమ్మ నూనెల చేరి
మిగిలిన కాగితాన్ని కొరుక్కుంట పోతది.
నీళ్ళ కోసం ఉడికించిన డబ్బాను
లోపల పుట్టిన నీళ్ళే తిన్నయి.
ఈ మాట వాళ్ళకెట్ల చెప్పుడు?

ఆఖరి చుట్టు విప్పితే
లోపల పెన్సిలు రాత:
చుట్ల లెక్క, తారీఖు, యాకయ్య.
నా చెయ్యే.
ఇరవై ఏండ్లు ఉంటదని చెప్పి పంపిన డబ్బా.

"ఎన్ని మోటర్లు?"
"పన్నెండు."
నేను కాగితం పొడి చూపిన.
"పందొమ్మిదనుకో."
ట్రాలీ మీద కూసున్న పొలగాడు
చెరుకు నములుకుంట దిద్దిండు:
"ఇరవై మూడు. సారంగం కాకది కలిపితే."

"పది తియ్యాలె" అన్న.
అందరూ పక్కోని కాళ్ళ దిక్కు చూసిన్రు.
ఆ కాళ్ళకు ఎండిన బురద.
వరి పొట్ట మీదున్నది,
ఇప్పుడు మడి ఆరితే గింజ తాలు.
ఎవరి మోటరు తీయమందం?
నాకూ నోరు రాలేదు.

కనకవ్వ వెనక నిలవడ్డది,
అప్పటి దాంక ఒక్క మాట అనలేదు.
కొంగు బిగించి, "నాది రాత్రి పదింటికి ఏస్త" అన్నది.
"టార్చి ఉన్నది. పాములకు నేను కొత్తదాన్ని గాదు."
కొంచెం సేపటికి సారంగం "నాది గూడ" అని గొణిగిండు.
మిగిలినోళ్ళు
బిల్లెంతైతదని అడిగిన్రు.

మూడు రోజులకు కొత్త కాగితం చుట్టినం.
పోసవ్వ బొటనవేలితోని ఒత్తుకుంట ఒత్తుకుంట
ఒక్క ముడత రానియ్యలే.
నేను లోపలి చుట్టు మీద
తారీఖు కింద ఈసారి ఇంకో ముక్క రాసిన:
పగలు ఇరవై ఒకటి, రాత్రి రెండు.

దాని మీద ఎనిమిది వందల చుట్లు పడ్డయి.
అది ఎవరన్నా చదవాలంటే
డబ్బా మళ్ళ కాలాలె.